ష్పెట్స్‌లె పిండి నీళ్లలో కరిగిపోతోంది, ఎక్కడ తప్పుతున్నాను?

నెక్కార్_గట్టు:

నమస్కారం. జర్మనీలోని ష్టుట్‌గార్ట్‌కు వచ్చి ఏడాదిన్నర అయింది. మా పై వాటాలో ఒక పెద్దావిడ ఉంటారు. చలికాలంలో ఒకరోజు భోజనానికి పిలిచి, వెనిగర్ తగిలిన లెంటిల్స్ కూర, దాని పక్కన అప్పుడే నీళ్లలోంచి తీసిన ష్పెట్స్‌లె, అంటే పిండి, గుడ్లతో చేసే ఇక్కడి నూడుల్స్, వడ్డించారు. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకదానికి తోక తిరిగి ఉంది. మెత్తగానే ఉన్నా పంటికి కాస్త ఎదురు నిలిచాయి. అప్పటి నుంచి నాకు అదే ధ్యాస.

వచ్చే ఆదివారం ఆవిడను మా ఇంటికి పిలిచాను. ధైర్యం ఎక్కువై, ష్పెట్స్‌లె నేనే చేస్తానని కూడా చెప్పేశాను. ఇప్పుడు భయం పట్టుకుంది.

మొదటిసారి 400 గ్రాముల 405 రకం పిండి (మన మైదా లాంటి మెత్తని గోధుమ పిండి), రెండు గుడ్లు, 300 మిల్లీలీటర్ల నీళ్లు కలిపాను. చెక్క పలక మీద పరిచి, చాకుతో సన్నగా గీకి మరిగే నీళ్లలో వేస్తే కాసేపటికి గిన్నెలో గంజి తప్ప ఏమీ మిగలలేదు. రెండోసారి ఆ కోపంతో నీళ్లు బాగా తగ్గించాను. చపాతీ ముద్దలా తయారైంది. పలక మీద పరుచుకోలేదు, చాకుకు తెగలేదు. చివరికి వేళ్లతో గిల్లి వేశాను. మా ఆయన మర్యాద కొద్దీ నాలుగు నమిలి, మిగతావి కూర కింద దాచేశారు.

పిండి ఎంత జారుగా ఉండాలి? పలకతో కుస్తీ మాని, పిండిని రంధ్రాల్లోంచి నొక్కే ఆ ప్రెస్ కొనుక్కోవడం మేలా?

ఉల్మ్_కోడలు:

గంజి అయిందంటే గుడ్లు తక్కువ, నీళ్లు ఎక్కువ. అంతే.

మా అత్తగారిది ష్వేబిష్ ఆల్బ్ కొండల మీద ఒక పల్లె. పదకొండేళ్ల కిందట పెళ్లయిన కొత్తలో కొలతలు చెప్పమంటే నా వంక జాలిగా చూశారు. పక్కన నిలబడి నేనే లెక్క పట్టుకున్నాను. వంద గ్రాముల పిండికి ఒక గుడ్డు, చివర్లో గిన్నె పేరు చెప్పి ఇంకొకటి. నీళ్లకు కొలపాత్ర వేరే ఉండదు, పగలగొట్టిన గుడ్డు చిప్పే. మీ 400 గ్రాములకు ఐదు గుడ్లు, సగం చిప్పతో నాలుగు సార్లు నీళ్లు పోసి మొదలుపెట్టండి. ఒక చెంచా ఉప్పు. జాజికాయ ఇష్టముంటే చిటికెడు గీరి వేయండి, మా అత్తగారు మాత్రం ఒప్పుకోరు.

అసలు పని కలపడంలో ఉంది. మధ్యలో చిల్లున్న చెక్క గరిటె దొరుకుతుంది, అది తెచ్చుకోండి. గారెల పిండి గిలకొట్టినట్టు అడుగు నుంచి పైకి లాగి కొట్టాలి. మొదట ఉండలుండలుగా, వికారంగా ఉంటుంది. అక్కడ భయపడి నీళ్లు పోశారో, చెడిపోయినట్టే. చెయ్యి నొప్పి పుట్టే వేళకు పిండి నునుపు తేలి, బుడగలు వేయడం మొదలుపెడుతుంది. అప్పుడు గరిటె పైకెత్తి చూడండి. పిండి బరువుగా వేలాడి, సాగి సాగి, తన బరువుకు తానే తెగి పడాలి. దోసెల పిండిలా ధార కట్టి జారితే ఇంకొంచెం పిండి చల్లండి. ముద్దగా గరిటెకే అంటుకుని ఉంటే మరో చిప్ప నీళ్లు. తర్వాత ఇరవై నిమిషాలు మూతపెట్టి వదిలేయండి. పిండి నీళ్లు పీల్చుకుని బిగుస్తుంది కాబట్టి మళ్లీ ఒకసారి కొట్టి చూసుకోవాలి.

పలకను ప్రతిసారీ ఆ మరిగే నీళ్లలోనే ముంచి తడపండి. రెండు గరిటెల పిండి చాలు, అంచు దాకా పల్చగా పరిచి, పలక కొనను నీళ్లకు దగ్గరగా పెట్టి గీకండి. నీళ్లు తెర్లుతూ ఉండాలి. ఒకేసారి అంతా వేస్తే మరుగు ఆగిపోయి ఒకదానికొకటి అంటుకుంటాయి. పైకి తేలాక ఒక్క నిమిషం ఆగి చిల్లుల గరిటెతో తీసి, నేరుగా వెన్న వేసిన వేడి గిన్నెలోకి వేయండి. చన్నీళ్లలో వేయడం రేపటికి దాచుకునేవాళ్ల పద్ధతి.

ష్పాట్స్ అంటే పిచ్చుక, ష్పెట్స్‌లె అంటే బుల్లి పిచ్చుకలు అని చెబుతారు. నేను మొదటిసారి చేసినవి చూసి మా అత్తగారు, 'ఇవి పిచ్చుకలు కావమ్మా, కొంగలు' అన్నారు.

సెలవురోజు_వంటవాడు:

ఆదివారానికి నాలుగు రోజులే ఉంది, ఈలోగా పలక నేర్చుకోవడం మాటలు కాదు. ప్రెస్ కొనేయండి. మన జంతికల గొట్టానికి జర్మనీలో పుట్టిన తోబుట్టువు అనుకోండి. పిండి మాత్రం పలకకు కలిపిన దానికంటే ఒక పిసరు గట్టిగా ఉండాలి. రంధ్రాల పలక మీద డబ్బా అటూ ఇటూ జరిపే హోబెల్ కూడా ఉంది కానీ, దాంతో పొడుగు రావు, గుండీల్లాంటి క్నోప్‌ఫ్లె వస్తాయి.

ఏది వాడినా, పని అవగానే చన్నీళ్లలో నానబెట్టండి. వేడినీళ్లు పోస్తే రంధ్రాల్లోని పిండి అక్కడే ఉడికి సిమెంటు అవుతుంది. నేను ఒకసారి పుల్లతో గంటసేపు పొడిచాను.

గుడ్లు తగ్గించకండి అన్న ఉల్మ్ కోడలు గారి మాట నిజం. ప్యాకెట్లలో దొరికే 'ష్వేబిషె ష్పెట్స్‌లె' మీద నీలం, పసుపు ముద్ర చూసే ఉంటారు. 2012 నుంచి ఆ పేరుకు యూరోపియన్ యూనియన్‌లో భౌగోళిక గుర్తింపు ఉంది, ష్వేబియాలో, అంటే మీ ష్టుట్‌గార్ట్ ఉన్న ఈ ప్రాంతంలో, చేసినవాటికే ఆ పేరు. వాటిలోనూ గుడ్డు దండిగా పడాల్సిందే.

ఉల్మ్_కోడలు:

ప్రెస్‌తో చేస్తే అన్నీ ఒకే లావు, ఒకే నునుపు. కూర రసం పట్టదు. గరుకు అంచులకే కదా అది అంటుకునేది! ఆ పెద్దావిడ పలక మనిషి అయితే మొదటి ముద్దలోనే కనిపెట్టేస్తారు.

నెక్కార్_గట్టు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. ప్రెస్ కొనలేదు. గురువారం, శుక్రవారం రాత్రి భోజనం మాకు ష్పెట్స్‌లెనే. గురువారం నాటివి కొంగలే. శుక్రవారం నీళ్లు ఐదు చిప్పలు పడితే గానీ పిండి గరిటె నుంచి సాగలేదు. మిగిలినవి శనివారం పొద్దున వెన్నలో ఎర్రగా వేయించి గుడ్డు కొట్టి తిన్నాం. ఇది ముందే తెలిసి ఉంటే ఇంకా ఎక్కువ చేసేదాన్ని.

ఆదివారం పెద్దావిడ పన్నెండుకల్లా వచ్చి, కుర్చీలో కూర్చోకుండా నేరుగా వంటగదిలోకి నడిచారు. నేను గీకుతుంటే రెండు నిమిషాలు చూశారు. తర్వాత ఏమీ అనకుండా నా చేతిలో చాకు వాలు కొంచెం మార్చి, పక్కకు జరిగి నిలబడ్డారు. ఆ తర్వాత పడినవి సన్నగా వచ్చాయి. రెండోసారి వడ్డించమని అడిగారు. వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, జాజికాయ ఎందుకు వేశావని అడిగారు.

ఉల్మ్_కోడలు:

చెప్పానా లేదా!