అవాక్శిరా: తలకిందులా, తల దక్షిణానికా?

రెండ్రోజులుగా ఒక శ్లోకం సగమే గుర్తొచ్చి వేధిస్తోంది. భాగవతం నవమ స్కంధంలో త్రిశంకుడిది: "సశరీరో గతః స్వర్గమద్యాపి ... దృశ్యతే". ఆ మధ్య మాట "ఖే"నా, "దివి"నా? ఇంకోటి, త్రిశంకు మండలంలో (దక్షిణాకాశంలో కనిపించే సదరన్ క్రాస్) నాలుగు చుక్కలున్నాయి కదా, ఆయన తల ఏది?

— "దివి"నే. "ఖే" అంటే పాదానికి ఏడక్షరాలే వస్తాయి. తల సంగతి తర్వాతి పాదంలోనే ఉంది, "పాతితోఽవాక్శిరా దేవైః". తలకిందులుగా పడ్డాడు కాబట్టి అడుగున బాగా వెలిగేదే తల, పైన ఎర్రగా ఉన్నది పాదాలు.

— ఆ "అవాక్"ని అంత తేలిగ్గా వదలకండి. అవాక్కయ్యాడు అంటాం కదా, దేవతలు తోసేస్తే నోట మాట రాలేదని నేను చిన్నప్పటి నుంచీ అలాగే చదువుకున్నాను. ఇప్పటికీ నాకదే ఇష్టం.

— ఇష్టమే గానీ కుదరదండీ, మాట పోయేది మనిషికి, శిరస్సుకి కాదు. ఇది అవ (కిందికి) + అంచ్ (వెళ్ళడం). అయితే "కిందికి" అని ఆగిపోకండి, అమరకోశం నిఘంటువులో "ప్రాచ్యవాచీప్రతీచ్యస్తాః పూర్వదక్షిణపశ్చిమాః" చూడండి. అవాచి అంటే దక్షిణం! 88 నక్షత్ర మండలాల్లో అన్నిటికన్నా చిన్నదైన దీంట్లో ఎర్ర చుక్క నుంచి అడుగు చుక్కకి గీత గీసి, అదే దారిలో నాలుగున్నర రెట్లు పొడిగిస్తే దక్షిణ ఖగోళ ధ్రువం (దక్షిణాకాశం దేని చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తుందో ఆ బిందువు) దగ్గర తేలతాం. తల దక్షిణానికే.

— కవి పడ్డవాడి గురించి చెబుతుంటే మీరు దిక్కు చూపిస్తున్నారు. దిక్కు కావాలంటే బాలకాండ ఉంది, విశ్వామిత్రుడు దక్షిణాన వేరే సప్తర్షుల్ని సృష్టించాడని నేరుగానే చెప్పారు. ఇక్కడ "పాతితః" పక్కన కిందికి అన్నదే అతుకుతుంది.

— మెల్‌బోర్న్ నుంచి చూస్తే ఈ మండలం అస్తమించనే అస్తమించదు, ధ్రువం చుట్టూ తిరుగుతూ ఒక దశలో ఆ అడుగు చుక్కే పైకొస్తుంది. అప్పుడు తలకిందులు అనే అర్థం నిలవదు, దక్షిణం అనేది మాత్రం ఎప్పుడూ నిలుస్తుంది.

— శ్లోకం చెప్పినాయన మెల్‌బోర్న్ నుంచి చూడలేదు కదండీ! ఆకాశం మాటొచ్చింది కాబట్టి, నాకు ఇక్కడ పోతన వామనుడే గుర్తొస్తాడు. "ఇంతింతై వటుడింతయై" అని మొదలై "ధ్రువునిపై నంతై" దాకా ఒక్కో మెట్టూ ఎక్కిస్తాడు, ఆ "అంతై" పడిన ప్రతిచోటా మన మెడ కూడా ఇంకాస్త పైకి లేస్తుంది. ఉత్తరాన ధ్రువుణ్ణి దాటినవాడొకడు, దక్షిణాన సగంలో ఆగినవాడొకడు.

— "మహర్వాటిపై నంతై" వదిలేశారు, అసలు ఎత్తు అక్కడుంది, మహర్లోకంలో!

— అందరికీ నమస్కారం, "దివి" దొరికింది. మరి తల?