స్పెయిన్ పల్లెల్లో సైకిల్ మీద పెద్ద రౌండ్: ప్లాన్ చూసి చెప్పండి

పెన్నా గట్టు (అనంతపురం):
అందరికీ నమస్తే. సెప్టెంబర్ చివర్లో రెండు వారాలు సెలవు దొరికేలా ఉంది. స్పెయిన్‌లో తెరువెల్ నుంచి బయలుదేరి మళ్ళీ తెరువెల్‌కే వచ్చే మోంతాన్యాస్ వాసియాస్ రూట్ తొక్కాలని ఉంది. సుమారు 680 కి.మీ., ఎక్కువ భాగం మట్టి దారులే, అల్బర్రాసిన్ మీదుగా కొండల్లోకి ఎక్కి ఆల్తో తాహో లోయ, క్వెంకా వైపు అడవులు చుట్టి రావాలి. మన హైవే మీద రోజుకు వంద కి.మీ. ఆరామ్‌గా తొక్కుతాను కాబట్టి ఏడు రోజులు చాలనుకుంటున్నా, మిగతా రోజులు వాలెన్సియాలో తిరగొచ్చు. హోటళ్ళు లేకుండా టెంట్ పట్టుకెళ్దామని ఆలోచన. తిండి సంగతే టెన్షన్, మాంసం, చేప తినను, గుడ్డు పర్వాలేదు. ఇక్కడ ప్రాక్టీస్‌కు మంచి రౌండ్ ఉంటే అదీ చెప్పండి.

నల్లరేగడి (కోయిలకుంట్ల):
అన్నా, ఏడు రోజులు మర్చిపో. నున్నటి హైవే మీద వంద వేరు, వెయ్యి మీటర్ల పైన గులకరాళ్ళ దారిలో సామానుతో ఎక్కుతూ దిగుతూ పోవడం వేరు. అక్కడ అరవై తొక్కితే ఆ రోజు గట్టిగా తొక్కినట్టే. పన్నెండు రోజులు రూట్‌కే పెట్టు.

అసలు సమస్య దూరం కాదు, జనం లేకపోవడం. మన పాత అనంతపురం జిల్లా 19,130 చ.కి.మీ., 2011 లెక్కల్లో దాదాపు 41 లక్షల మంది. తెరువెల్ ప్రావిన్సు 14,800 చ.కి.మీ. ఉంటుంది, మనుషులు లక్షన్నర కూడా లేరు. పల్లెలు వదిలి మాడ్రిడ్, బార్సిలోనా, వాలెన్సియా పోయారు, మనోళ్ళు బెంగళూరు పోయినట్టే, కానీ అక్కడ ఊళ్ళకు ఊళ్ళే ఖాళీ అయ్యాయి. మన దగ్గర ఎంత కరువు మండలంలోనైనా కాసేపు తొక్కితే ఒక టీ బంకో బోరింగో తగులుతుంది. అక్కడ పొద్దున ఒక ఊరు దాటితే సాయంత్రం దాకా ఎవరూ ఎదురుపడకపోవచ్చు. ఊరొచ్చినా అంగడి ఉంటుందని గ్యారంటీ లేదు, ఉన్నా మధ్యాహ్నం రెండింటి నుంచి ఐదింటి దాకా మూసేస్తారు, ఆదివారం అయితే చాలాచోట్ల తెరవనే తెరవరు. అందుకని 680ని రోజులతో భాగించొద్దు. అంగడి ఉన్న ఊళ్ళు ముందు మ్యాపులో గుర్తు పెట్టుకుని, వాటిని బట్టి మజిలీలు వేసుకో. శనివారం సాయంత్రం లోపల రొట్టె, చీజ్, పండ్లు సంచిలో పడాలి. నీళ్ళు ఊరి నడిమధ్య రాతి తొట్లలోకి పంపులో నుంచి పడుతుంటాయి, "నో పొతాబ్లె" అని బోర్డు ఉంటే మాత్రం తాగొద్దు.

ఇంకోటి, వాన పడితే అక్కడి బంకమట్టి చక్రానికీ మడ్‌గార్డుకీ మధ్య ఇరుక్కుని సైకిల్ కదలదు. మా రేగడి చూసినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. మడ్‌గార్డులు తీసేసి పో, వాన రోజు తారు రోడ్డు ఎక్కేయ్.

గండికోట గాలి (జమ్మలమడుగు):
టెంట్ మీదే ఆధారపడితే నేను ఒప్పుకోను. బయట టెంట్ వేసే రూల్సు ప్రాంతానికొకటి, రక్షిత అడవుల్లో గుర్తించిన చోట తప్ప వేయనివ్వరు. పైగా చలి. ఆ పక్కనే ఉన్న కలమోచాలో 1963 డిసెంబర్‌లో మైనస్ 30 డిగ్రీలు పడింది. సెప్టెంబర్‌లో అంత ఉండదు గానీ, పగలు చెమట పట్టిన చోటే రాత్రి వణికిస్తుంది. వీసా ఫైలుకు కూడా ఎక్కడ దిగుతారో చూపించాలి, 30,000 యూరోలకు తగ్గని ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ఆరు నెలల ముందు నుంచే అప్లై చేయొచ్చు, ఆలస్యం చేయకండి.

ప్రాక్టీస్‌కు: అనంతపురం, తాడిపత్రి, బెలుం, జమ్మలమడుగు, గండికోట, ముద్దనూరు, పులివెందుల, కదిరి, ధర్మవరం, మళ్ళీ అనంతపురం. సామాను మొత్తం కట్టుకునే తొక్కాలి. దారిలో బంకు దగ్గర ఆగడాలు లేవు, మీ సంచిలో ఉన్నదే తినాలి, లేకపోతే అది ప్రాక్టీస్ కాదు, పిక్నిక్. ఫోను ఫ్లైట్ మోడ్‌లో పెట్టి ఆఫ్‌లైన్ మ్యాపుతోనే దారి పట్టుకోండి, ఆ లోయల్లో సిగ్నల్ నమ్మలేం. అక్కడ ఊరు దాటితే హెల్మెట్ చట్టప్రకారం పెట్టుకోవాల్సిందే, కాబట్టి ఇక్కడే అలవాటు చేసుకోండి. ఎమర్జెన్సీ నంబర్ 112.

ఆదోని అమ్మాయి (ఇప్పుడు వాలెన్సియా):
పై ఇద్దరూ చెప్పింది నిజమే. నేనైతే ఇంకో మాట చెప్తా: రూట్ మొత్తం చేయాలన్న పంతం వద్దు. సగం చుట్టు చుట్టి తెరువెల్‌కు వచ్చేసి, అక్కడ నుంచి ఓహోస్ నేగ్రోస్ పచ్చదారి పట్టుకోండి. గనుల నుంచి సగుంతో రేవుకు ఖనిజం మోసిన పాత రైలు దారి అది, పట్టాలు తీసేసి సైకిళ్ళకు వదిలేశారు. రైలు కోసం వేసింది కాబట్టి ఎక్కడా నిట్టనిలువు ఉండదు, తెరువెల్ 900 మీటర్ల పైన ఉంది, దిగితే సముద్రం. సగుంతో నుంచి వాలెన్సియాకు లోకల్ రైల్లో సైకిల్ ఎక్కిస్తారు.

తిండి: మధ్యాహ్నం బార్లలో "మెను దెల్ దియా" అని భోజనం ఉంటుంది, కడుపునిండా పెడతారు. కానీ మాంసం తిననంటే చాలు అనుకోకండి, సలాడ్ తెప్పిస్తే పైన ట్యూనా చేప వేసి తెస్తారు, పప్పు చారులో కూడా పంది ముక్క తేలుతుంది. "సిన్ కార్నె, సిన్ హమోన్, సిన్ అతూన్" (మాంసం, పంది మాంసం, ట్యూనా లేకుండా) అని మూడూ చెప్పాలి. గుడ్డు తింటారు కాబట్టి బతికిపోయారు, బంగాళాదుంప తోర్తియా (గుడ్డుతో వేసే మందపాటి అట్టు) దాదాపు ప్రతి బార్‌లో ఉంటుంది.

పెన్నా గట్టు:
అందరికీ థాంక్స్. వాలెన్సియా తిరుగుడు కట్, పన్నెండు రోజులూ సైకిల్ మీదే. పచ్చదారి ఐడియా నచ్చింది అక్కా. ఇంట్లో పప్పుల పొడి, నెయ్యి కట్టిస్తామంటున్నారు, తేవచ్చా?

ఆదోని అమ్మాయి:
పొడి తెచ్చుకోండి, నాకూ కొంచెం. నెయ్యి, కోవా వద్దు, బయటి దేశాల నుంచి పాల పదార్థాలు రానివ్వరు, ఎయిర్‌పోర్టులోనే తీసి పారేస్తారు.