మైండ్‌హార్న్ చూసి ఇంట్లో నేను తప్ప అందరూ నవ్వారు, ఇది నిజంగా కామెడీయేనా?

సెకండ్‌షో_సుబ్బు:

మొన్న శనివారం భోజనాలయ్యాక నెట్‌ఫ్లిక్స్‌లో అటూ ఇటూ తిప్పుతుంటే మైండ్‌హార్న్ అని 2016 నాటి బ్రిటిష్ సినిమా కనబడింది. గంటన్నరే కదా అని పెట్టేశాను. కథ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు: రిచర్డ్ థార్న్‌క్రాఫ్ట్ అని ఒక నటుడు, 80ల్లో ఐల్ ఆఫ్ మ్యాన్ అనే చిన్న దీవిలో తీసిన డిటెక్టివ్ సీరియల్‌లో హీరో. సీరియల్‌లో ఇతని ఒక కన్ను యంత్రం, ఎదుటివాడు అబద్ధం చెబితే పట్టేస్తుంది. పేరొచ్చాక హాలీవుడ్ అంటూ వెళ్లి ఏమీ కాకుండా తిరిగొచ్చాడు. ఇప్పుడు బొజ్జ, విగ్గు, ఇరుకు ఫ్లాటు, వచ్చిన యాడ్ కూడా నిలవదు. అంతలో ఆ దీవిలో హత్య జరుగుతుంది, అనుమానితుడు డిటెక్టివ్ మైండ్‌హార్న్ నిజంగా ఉన్నాడనుకుని అతనితో తప్ప ఎవరితోనూ మాట్లాడనంటాడు, పోలీసులు వేరే దారి లేక మనవాడికి ఫోన్ చేస్తారు. మనవాడికేమో మళ్లీ పేపర్లో ఫొటో పడుతుందన్న ఆనందం.

మా ఆవిడా తమ్ముడూ పడీపడీ నవ్వారు. నాకు మాత్రం, పెళ్లిలో ఒక పెద్దాయన మైకు పట్టుకుని పాట మొదలెట్టి వదలకపోతే మనం తల దించుకుని ప్లేటు వంక చూస్తామే, సినిమా అంతా అలా గడిచింది. అతను పాత గర్ల్‌ఫ్రెండ్ ఇంటికి వెళితే ఆమె అప్పటి స్టంట్‌మ్యాన్‌తో కాపురం చేస్తుంటుంది, ఆ స్టంట్‌మ్యాన్ సగం బట్టలతో తిరుగుతూ వెటకారాలాడతాడు, ఇందులో నవ్వడానికేముంది? నేనేదో రెఫరెన్స్ మిస్ అయ్యానా, లేక బ్రిటిష్‌వాళ్ల కామెడీయే ఇంత కర్కశంగా ఉంటుందా? ఇలాంటివి ఇంకేమైనా ఉంటే చెప్పండి, ఒకవేళ నేనే మారాలేమో.

పాత_వీసీఆర్:

సుబ్బు గారూ, మీరు మిస్సయింది ఒకటుంది. బెర్జెరాక్ అని బీబీసీలో 1981 నుంచి 1991 దాకా ఒక డిటెక్టివ్ సీరియల్ వచ్చింది, జాన్ నెటిల్స్ హీరో, కథ ఎక్కువగా జెర్సీ దీవిలో. బ్రిటన్ వాళ్లకి మైండ్‌హార్న్ టైటిల్స్ చూడగానే ఆ సీరియల్ గుర్తొస్తుంది. దానికి సిక్స్ మిలియన్ డాలర్ మ్యాన్ అనే అమెరికా సీరియల్ కలిపేసి యంత్రం కన్ను పెట్టారు. తోలు జాకెట్, సముద్రం పక్కన కారు, ఊరికే తల తిప్పి చూడటం, ‘ట్రూత్ టైమ్’ అనే ఊతపదం. అప్పటి సీరియల్ హీరోలు ఒక పాటల క్యాసెట్ కూడా వదిలేవారు, అందుకే ఇతనూ పాట పాడాడు, గాలికి బేడీలు వేయలేరని. పాట నిజంగానే బాగుంటుంది, అదే తమాషా, జోకులా వదిలేయకుండా సీరియస్‌గా ట్యూన్ కట్టారు.

ఇంకో విషయం. సినిమా రాసింది హీరో జూలియన్ బారట్, ఆ స్టంట్‌మ్యాన్ వేషం వేసిన సైమన్ ఫార్నబీ, ఇద్దరూ కలిసి. మీకు కర్కశంగా అనిపించిన సీన్లన్నీ వాళ్లు తమ కోసం తాము రాసుకున్నవే. దర్శకుడు షాన్ ఫోలీకి మొదటి సినిమా, అంతకుముందు నాటకాలు చేశాడు. అందుకే మనుషులు తలుపులోంచి రావడం, పోవడం, పడటం అంత టైమింగ్‌తో ఉంటాయి. మొదట్లో ఆడిషన్ సీన్ చూడండి, ఎదురుగా కూర్చున్నది షేక్‌స్పియర్ సినిమాలకి పేరుపడ్డ నటుడు, దర్శకుడు కెనెత్ బ్రానా, తన పేరుతోనే. ఆయన అక్కడ చేసేది పెద్దగా ఏమీ లేదు, మర్యాదగా వింటాడు. మనవాడు ఒక్కో మాటకీ ఇంకాస్త కూరుకుపోతుంటాడు. తిట్టినా బాగుండేది.

లెస్టర్_కోడలు:

నేను ఇంగ్లండ్‌కొచ్చి పదకొండేళ్లయింది, నాక్కూడా మొదట్లో సుబ్బు గారి పరిస్థితే. పాంటమైమ్ చూశాక కొంచెం అర్థమైంది. క్రిస్మస్ సీజన్‌లో ప్రతి ఊళ్లోనూ ఒక పిల్లల నాటకం వేస్తారు, సిండ్రెల్లానో అలాద్దీనో, జనం గట్టిగా అరుస్తారు, విలన్ రాగానే ‘నీ వెనకాల!’ అని పిల్లలు గోల చేస్తారు. పోస్టర్ మీద ముఖ్య నటుడి పేరు పెద్దగా ఉంటుంది, దాని కింద బ్రాకెట్లో కాస్త చిన్న అక్షరాలతో ఫలానా సీరియల్ నుంచి అని వేస్తారు. ఆ సీరియల్‌లో ఆయన పాత్ర చచ్చిపోయి పదేళ్లయినా సరే ఆ బ్రాకెట్ మాత్రం పోదు. మా పాపని తీసుకెళ్లినప్పుడు రాజుగారి వేషం వేసినాయన అలాంటివాడే. నాటకం మధ్యలో తన పాత సీరియల్ మీద తనే జోకు వేసుకున్నాడు. హాల్లో పెద్దవాళ్లంతా విరగబడి నవ్వారు, ఆయనా నవ్వాడు. మా పాప మాత్రం ఆ మాటకెందుకు నవ్వుతున్నారమ్మా అని అడిగింది, దానికి ఆయన రాజే, ఇంకేం తెలియదు.

ఇక్కడ స్టార్ కిందపడటమంటే అంత ఎత్తునుంచి పడటం కాదు. మన దగ్గర హీరోకి గుడి కట్టేదాకా వెళతాం, తర్వాత వేషాల్లేక ఇంట్లో కూర్చుంటే ఆ మాట బయటికి రాకుండా కుటుంబం దాస్తుంది. వీళ్లు పైకి తీసుకెళ్లేటప్పుడే సగం ఎగతాళి చేస్తారు కాబట్టి దిగేటప్పుడు కూడా అదే గొంతు. అందుకని మైండ్‌హార్న్‌లో నాకు కోపం రాదు. ఒక్క చోట మాత్రం మనసు కలుక్కుమంటుంది, థార్న్‌క్రాఫ్ట్‌తో సీరియల్‌లో చిన్న వేషం వేసినవాడు (స్టీవ్ కూగన్) ఆ పాత్రతోనే సొంత సీరియల్ పెట్టుకుని డబ్బులో మునిగితేలుతుంటాడు చూడండి, అక్కడ.

కత్తి_విమర్శకుడు:

అందరికీ క్షమాపణలు, సుబ్బు గారికి కర్కశంగా అనిపించినా మైండ్‌హార్న్ బ్లాక్ కామెడీ (చావుల మీద నవ్వించేది) కాదు, మంచి మనసున్న కామెడీ. బ్లాక్ అంటే 1973లో వచ్చిన థియేటర్ ఆఫ్ బ్లడ్. విన్సెంట్ ప్రైస్ హీరో. ఎడ్వర్డ్ లయన్‌హార్ట్ అనే షేక్‌స్పియర్ నటుడు, తన కాలం అయిపోయిందని తెలియనివాడు, విమర్శకులు తనకి అవార్డు ఇవ్వలేదని థేమ్స్‌లో దూకుతాడు. అందరూ పోయాడనుకుంటారు. నది ఒడ్డున ఉండే తాగుబోతులు కాపాడతారు, వాళ్లే ఇక అతని ట్రూపు, వాళ్లే ప్రేక్షకులు. ఆ తర్వాత విమర్శకుల్ని ఒక్కొక్కణ్ణీ షేక్‌స్పియర్ నాటకాల్లో చావుల పద్ధతిలో చంపుకుంటూ పోతాడు. కుక్కపిల్లల్ని బిడ్డల్లా చూసుకునే ఒక లావుపాటి విమర్శకుడికి ఏం తినిపిస్తాడో చెప్పను, కన్నబిడ్డల్నే తల్లికి వండిపెట్టే షేక్‌స్పియర్ నాటకం టైటస్ ఆండ్రోనికస్ చదివినవాళ్లకి ఈపాటికే కడుపులో తిప్పుతుంటుంది.

నాకు బాగా నచ్చింది వెనిస్ వర్తకుడి ఘట్టం. షేక్‌స్పియర్ నాటకంలో అప్పు కింద ఒంటి మాంసం కోస్తానని పట్టుబట్టినా చివరికి కోయడం జరగదు కదా, ఇతను గుండె కోసి పార్సిల్ పంపిస్తాడు. అది చూసిన విమర్శకుడు భయపడాల్సింది పోయి, షేక్‌స్పియర్‌ని తిరగరాసే ధైర్యం లయన్‌హార్ట్‌కే ఉంటుంది అంటాడు. తోటివాడు చచ్చాడు, అయినా ఈయన రివ్యూ రాస్తున్నాడు! సినిమా మొత్తానికి ఆ ఒక్క మాట చాలు నాకు.

తక్కువ ఖర్చు కూడా ఇక్కడ కలిసొచ్చింది. సెట్లు వేయకుండా లండన్‌లో అసలు చోట్లలోనే తీశారు, హంతకుడి స్థావరం పట్నీలో మూతపడిన హిప్పోడ్రోమ్ థియేటరు. అది 1975లో కూల్చేశారు. అంటే నటుడి శిథిలంతో పాటు భవనం శిథిలం కూడా ఫిల్మ్ మీద మిగిలింది. షూటింగ్‌లో ప్రైస్‌కి కోరల్ బ్రౌన్ పరిచయమైంది, ఆమె వేసిందీ ఒక విమర్శకురాలి వేషమే, బ్యూటీ పార్లర్‌లో కరెంటు షాక్‌తో చస్తుంది, 1974లో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. చంపినవాణ్ణే చేసుకుంది.

నార్విచ్_నారాయణ:

ఆలన్ పార్ట్‌రిడ్జ్ పేరు ఎవరూ ఎత్తకపోవడం ఏంటి సామీ. స్టీవ్ కూగన్ 1991 నుంచి వేస్తున్న పాత్ర, మొదట రేడియోలో. టీవీలో చాట్ షో దాకా ఎక్కి, అది పోయాక నార్విచ్ అనే ఊరికీ లండన్‌కీ మధ్యలో ఒక హోటల్ గదిలో కాపురం పెట్టి, తెల్లవారుజామున ఎవరూ వినని వేళ రేడియోలో మాట్లాడుకునే స్థితికి వస్తాడు. 2013 సినిమా ఆల్ఫా పాపా చూడండి. ఇతని చిన్న రేడియో స్టేషన్‌ని ఒక పెద్ద కంపెనీ కొంటుంది, ఉద్యోగాలు పోతాయన్న టెన్షన్ అందరికీ. పాట్ అనే పాత సహోద్యోగి, నా తరఫున నువ్వొక మాట చెప్పు ఆలన్ అని బతిమాలతాడు. సరేనని మీటింగ్‌లోకి వెళతాడు, నిజంగానే వాదించడం మొదలుపెడతాడు కూడా. ఇంతలో తీసేసేది ఇద్దరిలో ఒకరిని, పాట్ కాకపోతే తననే అని తెలుస్తుంది. అంతే, గొంతు మారదు, ముఖం మారదు, మార్కర్ తీసుకుని చార్టు మీద పెద్ద అక్షరాలతో పాట్‌నే తీసేయండి అని రాస్తాడు.

తర్వాత పాట్ తుపాకి పట్టుకుని అందర్నీ బందీలు చేసి, మాట్లాడితే నా ఫ్రెండ్ ఆలన్‌తోనే మాట్లాడతానంటాడు. ఊరంతా కెమెరాలు, ఆలన్‌కి ఇరవై ఏళ్ల తర్వాత పండగ. సుబ్బు గారూ, మీరు గమనించారా, రెండు సినిమాలకీ ఎత్తుగడ ఒకటే: తుపాకి ఉన్నవాడో పిచ్చి ఉన్నవాడో తప్ప ఈ మనిషిని మళ్లీ కోరుకునేవాడు లేడు. ఆఖరి ఘట్టం క్రోమర్ అనే సముద్రతీరపు ఊళ్లో రేవు వంతెన మీద. నేను ఆ ఊరు వెళ్లినప్పుడు గాలికి టోపీ ఎగిరిపోయింది, దాంతోపాటు చేతిలో చిప్స్ కూడా, అందుకే ఆ సీన్ ఎప్పుడు చూసినా రెండు రకాలుగా బాధ.

పాత_వీసీఆర్:

నారాయణ అన్న ఎత్తుగడ మాట కరెక్ట్. నేను అన్నిసార్లు చూసి కూడా పక్కపక్కన పెట్టి చూడలేదు.

సెకండ్‌షో_సుబ్బు:

అందరికీ థాంక్స్. నిన్న రాత్రి మైండ్‌హార్న్ మళ్లీ పెట్టాను, ఈసారి ఒక్కణ్ణే. బ్రానా సీన్‌లో ఎలాగూ నవ్వొచ్చింది, పాటకి కూడా వచ్చింది. స్టంట్‌మ్యాన్ దగ్గర మాత్రం ఇప్పటికీ ప్లేటు వంకే చూశాను, అది నావల్ల కాదు. థియేటర్ ఆఫ్ బ్లడ్ ఈ ఆదివారం చూద్దామంటే మా ఆవిడ కుక్కపిల్లల మాట విని ఒప్పుకోలేదు, అందుకని ముందు ఆల్ఫా పాపా. మా తమ్ముడు ఆఫీసులో ఎవరికో ఆ చార్టు కథ చెప్పాడట, వాళ్ల టీమ్‌లో ఇప్పుడు ఎవరు మార్కర్ పట్టుకున్నా పక్కవాడు లేచి నిలబడుతున్నాడట.