సీరియళ్ల మీద సర్వే: ప్రశ్నలు ఎలా అడిగితే నిజం చెబుతారు?

డైలీ సీరియళ్లు చూసే అలవాట్ల మీద చిన్న ప్రశ్నావళి తయారుచేస్తున్నాను. "సీరియళ్లు చూస్తారా?" అని సూటిగా అడిగితే చాలామంది "ఇంట్లోవాళ్లు పెడితే కనబడుతుంది, అంతే" అని దాటేస్తారు. అందుకే "నిన్న సాయంత్రం టీవీలో ఏం నడిచింది?" అని మొదలుపెట్టి, కూర్చుని చూశారా, కూరగాయలు తరుగుతూ విన్నారా అని విడగొట్టాను. అరగంట ఎపిసోడ్‌లో యాడ్స్ పోగా మిగిలేది సుమారు 20-22 నిమిషాలే. యాప్‌లో చూసేవాళ్లు అందులోనూ కొంత ముందుకు లాగేస్తారు. మరి సమయం నిమిషాల్లో అడగాలా, ఎపిసోడ్ల లెక్కనా?

అసలు చిక్కు తిట్టుకుంటూనే రోజూ చూసేవాళ్లతో. "నచ్చిందా?" అన్న ఒక్క ప్రశ్నకు వాళ్లు దొరకరు. కథకు, నటనకు, సాగదీతకు విడివిడిగా 1 నుంచి 5 మార్కులు వేయమంటే సరిపోతుందా? ఇలాంటి సర్వేలు చేసినవాళ్లు వరస కూడా చెప్పండి: అలవాట్లు ముందా, అభిప్రాయాలు ముందా?