ఆరేళ్ల పాపకు ఇన్సులిన్ పంపు ఇప్పుడే పెట్టించాలా, కొంతకాలం ఆగాలా?

ప్రశ్న (గుంటూరు నుంచి ఒక తల్లి):
మా పాపకు ఆరేళ్లు, బరువు 18 కిలోలు. టైప్ 1 డయాబెటిస్ అని తెలిసి పది నెలలైంది. రాత్రి గ్లార్జిన్ (రోజంతా నెమ్మదిగా పనిచేసే ఇన్సులిన్), భోజనానికి ముందు లిస్‌ప్రో (త్వరగా పనిచేసేది) కలిపి రోజుకు 12 యూనిట్ల దాకా పెన్నుతో ఇస్తున్నాము. తెల్లవారుజామున షుగర్ పెరుగుతోంది, సాయంత్రం ఆడుకుని వచ్చాక పడిపోతోంది. ఒంటికి తగిలించి ఉంచితే రోజంతా కొద్దికొద్దిగా ఇన్సులిన్ ఇచ్చే పంపు గురించి ఆలోచించవచ్చని డాక్టరు గారు అన్నారు కానీ, ఎప్పుడన్నది మాకే వదిలేశారు. ఇంత చిన్నపిల్ల ఒంటికి యంత్రం తగిలిస్తారా అని మా అత్తగారు బాధపడుతున్నారు. మావారేమో అప్పు చేసైనా వెంటనే కొందామంటున్నారు. ఏ వయసులో మొదలుపెట్టడం మంచిది?

జవాబు 1 (హైదరాబాద్, పదేళ్ల బాబు తల్లి):
వయసు అడ్డు కాదండీ, మా బాబుకు నాలుగేళ్లప్పుడే పెట్టించాము. అసలు చిన్నపిల్లలకే దాని అవసరం ఎక్కువ. 1800ను రోజు మొత్తం మోతాదుతో భాగిస్తే ఒక యూనిట్ ఎంత షుగర్‌ను దించుతుందో అంచనా దొరుకుతుంది. మీ పాపకు అది సుమారు 150. అంటే పెన్నుతో కనీసం అర యూనిట్ ఇచ్చినా 75 దిగుతుంది, 30 మాత్రమే దించవలసి వచ్చినప్పుడు మీరు చూస్తూ ఊరుకోవలసిందే. పంపు 0.05 యూనిట్ కూడా ఇవ్వగలదు. తెల్లవారుజామున మూడింటి నుంచి బేసల్ (భోజనంతో పనిలేకుండా రోజంతా వెళ్లే ఇన్సులిన్) పెంచుకోవచ్చు, ఆటకు ముందుగానే తగ్గించుకోవచ్చు. గ్లార్జిన్ ఒకసారి ఒంట్లోకి వెళ్లాక వెనక్కి రాదు కదా.

జవాబు 2 (కరీంనగర్, ఒక తండ్రి):
పై మాటలన్నీ నిజమే, అయినా తొందరపడి మొదలుపెట్టినవాడిగా రెండో వైపు కూడా చెప్పాలి. పంపులో ఉండేది త్వరగా పనిచేసే ఇన్సులిన్ ఒక్కటే. వెనక కాపు కాసే దీర్ఘకాల ఇన్సులిన్ ఉండదు. పదిహేనో రోజు రాత్రి క్యాన్యులా (ఇన్సులిన్‌ను లోపలికి పంపే సన్నని గొట్టం) చర్మం కింద మడత పడింది, మేము నిద్రపోయాము. పొద్దున్నకల్లా మా అమ్మాయికి వాంతులు, కీటోన్లు (ఇన్సులిన్ చాలనప్పుడు రక్తంలో పేరుకునే ఆమ్లాలు). మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాము. తప్పు పంపుది కాదు, అకారణంగా షుగర్ 250 దాటితే కీటోన్లు చూసి, పెన్నుతో ఇంజెక్షన్ ఇచ్చి, సెట్టు (క్యాన్యులా, దాని ట్యూబు) మార్చాలన్న సంగతి మాకు వంటబట్టకపోవడం. ఏడు నెలలు మళ్లీ పెన్నుకు వెళ్లి, అన్నాన్ని త్రాసులో తూచి పిండిపదార్థం లెక్క వేయడం నేర్చుకుని, ఆ తరువాతే తిరిగి మొదలుపెట్టాము.

అప్పు విషయంలో యంత్రం ధర ఒక్కటే చూడకండి. రెండు మూడు రోజులకొక సెట్టు చొప్పున నెలకు పది నుంచి పదిహేను కావాలి. ఆ ఖర్చు ఏళ్ల తరబడి భరించలేకపోతే పంపు బీరువాలో పడి ఉంటుంది. ఒకటే కొనగలిగితే ముందు షుగర్‌ను ఎప్పటికప్పుడు చూపే సెన్సర్ కొనండి. మే నెలలో మాత్రం మొదలుపెట్టవద్దు, మన ఎండలకు ట్యూబులోని ఇన్సులిన్ పాడైతే లెక్కలన్నీ తారుమారవుతాయి.

జవాబు 3 (ఇంగ్లండ్‌లో ఉంటున్న తెలుగు తల్లి):
ఇక్కడ ఏ చికిత్స ఇవ్వాలో సూచించే నైస్ సంస్థ 2008లో ఇచ్చిన మార్గదర్శకం ప్రకారం, రోజుకు పలు ఇంజెక్షన్లు ఆచరణలో కుదరవనుకుంటే పన్నెండేళ్లలోపు పిల్లలకు పంపు ఇవ్వవచ్చు. కనీస వయసంటూ పెట్టలేదు. 2023లో సెన్సర్ చూసి తానే మోతాదు మార్చుకునే పంపులను కూడా పిల్లలకు సిఫారసు చేశారు. ఖర్చు ఎన్‌హెచ్‌ఎస్‌ది (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవది) కనుక మా నిర్ణయం మీ నిర్ణయమంత బరువైనది కాదని ఒప్పుకుంటాను. బడిలో అలారం మోగితే ఏం చేయాలో తెలిసిన టీచరు ఒకరైనా ఉన్నారా అన్నది మాత్రం ముందే తేల్చుకోండి.

ప్రశ్న అడిగిన తల్లి:
అందరికీ ధన్యవాదాలు. ముందు సెన్సర్ తీసుకుని, ఈ మూడు నెలలు అన్నం, ఇడ్లీ తూచి రాసుకుంటాము. ఇన్సులిన్ బదులు సెలైన్ నింపిన పంపును కొన్ని రోజులు పెట్టి చూడడానికి వీలవుతుందేమో డాక్టరు గారిని అడుగుతాను. పాప దాన్ని పీకేయకుండా ఉంచుకుంటుందో లేదో అప్పుడు తెలుస్తుంది, మా అత్తగారు కూడా కళ్లారా చూస్తారు.