సందు దొరికితే దూరాలా, వరసలో ఆగాలా? హైదరాబాద్ ట్రాఫిక్‌లో బండి నడిపేవాళ్లు చెప్పండి

క్లాక్‌టవర్ వాసి, నల్గొండ:
సోమవారం తెల్లవారుజామున నల్గొండలో బయల్దేరి శనివారం రాత్రి ఇంటికి చేరతాను. పని ఎల్బీనగర్ దగ్గర, బండి 125 సీసీ. నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ దాకా ఏ ఇబ్బందీ ఉండదు. హయత్‌నగర్ వచ్చిందంటే మొదలు. ఎడమ పక్క ఆర్టీసీ బస్సు, కుడి పక్క కారు, మధ్యలో మూడడుగుల సందు. అందరిలాగే నేనూ అందులోంచి ముందుకు పోతాను.

ఈ మధ్య ఒకసారి మా బావ నా వెనుక కూర్చున్నాడు. దిగగానే "బండి నడుపుతున్నావా, సూదిలో దారం ఎక్కిస్తున్నావా?" అన్నాడు. ఆదివారం భోజనాల దగ్గర అదే వాదన మళ్లీ మొదలై, చివరకు మా అక్క ఇద్దరినీ తిట్టి లేపింది. కారు వెనుక ఇంకో కారు ఆగినట్టు బండి కూడా వరసలో ఆగాలని బావ అంటాడు. అలా ఆగేటట్టయితే బండి ఎందుకు, హాయిగా బస్సే ఎక్కేవాణ్ని కదా అని నేను. రోజూ నడిపేవాళ్లు తేల్చండి. హెల్మెట్ పెట్టుకో, తాగి నడపకు లాంటి సుద్దులు మాత్రం వద్దు. అవి పాటిస్తూనే అడుగుతున్నాను.

మిర్యాలగూడ స్టీరింగ్:
పంతొమ్మిదేళ్లుగా మిల్లుల నుంచి బియ్యం లోడు తీసుకుపోతున్న డ్రైవర్‌ని. నేను మీ బావ వైపే. ఎందుకో మా సీట్లో కూర్చుంటే తెలుస్తుంది. మేము ఉండేది కుడి పక్కన, ఎత్తులో. ఎడమ తలుపు కింది జాగా, ముందు బంపర్‌ను ఆనుకొని ఉన్న జాగా మాకు కనబడవు. ఎడమ అద్దంలో కనిపించేది లారీ వెంబడి ఒక పట్టీ అంత మేర. ఆ పట్టీ దాటి లోపలికి వచ్చిన బండి మా లెక్కలో లేనట్టే.

ఇంకో సంగతి చాలామందికి తెలియదు. పొడవాటి వాహనం ఎడమకు తిరిగితే వెనుక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు. మూలను కోసుకుంటూ లోపలి వైపుగా వస్తాయి. అందుకని ముందు కాస్త కుడికి పట్టి, ఆ తర్వాత ఎడమకు తిప్పుతాం. ఆ కుడికి జరగడం చూసి బండివాడు "అన్న దారి ఇచ్చాడు" అనుకొని ఎడమ పక్క దూరుతాడు. అది వాడి కోసం ఇచ్చిన దారి కాదు, నా వెనుక చక్రాలకు కావలసిన జాగా. ఇన్నేళ్లలో నాకు నిద్రలో వచ్చే పీడకల అదొక్కటే.

పానగల్లు బుల్లెట్:
స్టీరింగ్ అన్నా, లారీ పక్క సందు గురించి మీరు చెప్పిన దానికి రెండు చేతులూ ఎత్తి దండం పెడతాను. కానీ వాసి అడిగింది ఆగి ఉన్న కార్ల మధ్య సందు గురించి. రెండింటినీ ఒకే గాటన కట్టేస్తే ఎలా?

వరసలో ఆగినవాడు క్షేమంగా ఉంటాడని ఎవరు చెప్పారు? కారు వెనుక డిక్కీ ఉంటుంది, బంపర్ ఉంటుంది. బండి వెనుక అడ్డం ఉన్నది నా నడుమే. పోయిన వర్షాకాలం అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర బుద్ధిమంతుడిలా కారు వెనుక ఆగాను. వెనుక నుంచి ఒక షేర్ ఆటో బ్రేకు పడక వచ్చి తగిలింది. ముందు కారు, వెనుక ఆటో, మధ్యలో నేను అడకత్తెరలో పోకచెక్క. మూడు వారాలు మంచం మీదే. అదే సందులో ముందుకు వెళ్లి ఉంటే ఆ ఆటో కారుకు తగిలి, నేను ఇంట్లో అన్నం తింటూ ఉండేవాణ్ని.

ఇది నా ఒక్కడి గోడు అనుకోకండి. అమెరికాలో బర్కిలీ విశ్వవిద్యాలయం వాళ్లు 2015లో, కాలిఫోర్నియాలో జరిగిన సుమారు 6 వేల మోటార్‌సైకిల్ ప్రమాదాలను పరిశీలించి బయటపెట్టిన ఫలితం ఇదే: వరుసల మధ్య నుంచి వెళ్తున్నవాళ్లకు వెనుక నుంచి తగిలిన దెబ్బలు మిగతావాళ్లకంటే తక్కువ, తలకు తగిలిన గాయాలూ తక్కువ. మరుసటి ఏడాదే ఆ రాష్ట్రం దాన్ని ఒప్పుకుంటూ చట్టం చేసింది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ అంతకుముందే, 2014 జులై 1 నుంచి అనుమతించింది. మనం మాత్రం బావగారి మాటే వేదం అంటున్నాం.

లెక్కల సార్, పాలమూరు:
బుల్లెట్ తమ్ముడు చదివినదాంట్లో సగం చెప్పి పుస్తకం మూసేశాడు. మిగతా సగం నేను చెబుతాను. అదే కాలిఫోర్నియా అధ్యయనంలో, పక్క వాహనాల కంటే వేగం గంటకు 15 మైళ్లకు మించి, అంటే 24 కిలోమీటర్లకు మించి ఎక్కువైతే గాయాలు పెరుగుతాయని ఉంది. న్యూ సౌత్ వేల్స్‌లో అయితే 30 కిలోమీటర్ల వేగం దాటకూడదు, బడుల పరిసరాల్లో కుదరదు, రోడ్డు అంచు పక్క నుంచీ నిలిపి ఉంచిన వాహనాల పక్క నుంచీ దూరకూడదు. మన దగ్గర సందులో పోయేవాడు ఏనాడైనా స్పీడోమీటర్ వైపు చూశాడా?

ఒక చిన్న లెక్క. గంటకు 40 కిలోమీటర్లు అంటే సెకనుకు 11 మీటర్లు. ఏదో అడ్డం వచ్చిందని కన్ను చూసి, చెయ్యి బ్రేకు పట్టేలోగా ఒక సెకను పోతుంది. అక్కడికే 11 మీటర్లు. రెండు బ్రేకులూ సరిగ్గా పట్టి, రోడ్డు పొడిగా ఉంటే ఆగడానికి ఇంకో 10 మీటర్లు. మొత్తం 21, అంటే ఐదు కార్ల పొడవు. వేగం 20 అయితే ఇదంతా కలిపి 8 మీటర్లలో ముగుస్తుంది, రెండు కార్ల పొడవు. కారు తలుపు తెరుచుకునేది మీకు రెండు కార్ల అవతలా, ఐదు కార్ల అవతలా అన్నది మీరు ఎంచుకోలేరు. వేగం ఒక్కటే మీ చేతిలో ఉంది.

అందుకే "దూరాలా, వద్దా" అన్న ప్రశ్నే తప్పుగా వేశారంటాను. ఎంత వేగంతో, దేని పక్క నుంచి అని అడగాలి. (ముప్పయ్యేళ్లు పిల్లలకు పాఠం చెప్పిన అలవాటు, ప్రశ్నపత్రాన్ని ముందు దిద్దుతాను.)

ఇంకొకటి. 2022లో దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది పోతే, అందులో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవాళ్లు. హెల్మెట్ లేక పోయినవాళ్లు 50,029. సుద్దులు వద్దన్నారు గానీ, ఆ అంకె చూశాక నోరు ఊరుకోలేదు.

పానగల్లు బుల్లెట్:
సార్, ఆ 44.5 శాతంలో సందుల్లో పోయినవాళ్లు ఎందరు, వరసలో ఆగినవాళ్లు ఎందరు, ఖాళీ రోడ్డు మీద ఎగిరిపోయినవాళ్లు ఎందరు? ఆ అంకెతో మీరు నన్నూ గెలిపించలేరు, బావగారినీ గెలిపించలేరు.

లెక్కల సార్, పాలమూరు:
ఒప్పుకుంటాను. మార్కులు వేసుకో.

చౌటుప్పల్ స్కూటర్:
మీరంతా సందు అంటే ఖాళీ జాగా అన్నట్టు మాట్లాడుతున్నారు. ఆ సందులో మేము ఉంటాం. ఆగిన బస్సు దిగి రోడ్డు దాటే ముసలమ్మ అందులోంచే వస్తుంది. సిగ్నల్ దగ్గర మల్లెపూలు అమ్మే పిల్ల అందులోనే నడుస్తుంది. ఆమె బండ్ల మధ్య నుంచి బయటకు అడుగు పెట్టేదాకా మీకు కనబడదు, మీరు ఆమెకు కనబడరు.

నేను స్కూటర్ మీద పాపను బడిలో దింపి, అక్కడి నుంచి ఆఫీసుకు వెళ్తాను. వరసలోనే ఆగుతాను. ఆగిన ప్రతిసారీ వెనుక నుంచి హారన్, "మేడం, జరగండి, జాగా ఉంది కదా!" అని అరుపులు. ఒకసారి ఒకతను పక్క నుంచి దూరుతూ తన హ్యాండిల్‌తో నా హ్యాండిల్‌ను తాకించాడు. స్కూటర్ పక్కకు వాలింది. నా కాలు నేల మీద ఉంది కాబట్టి పాప పడలేదు. అతను వెనక్కి తిరిగి కూడా చూడలేదు. నాలుగేళ్ల లోపు పిల్లలు వెనుక ఉంటే వాళ్లకూ హెల్మెట్, నడిపేవాళ్లకు కట్టి ఉంచే బెల్టు ఉండాలనీ, వేగం 40 దాటకూడదనీ 2022లో కేంద్రం నిబంధన తెచ్చింది. నేను అవన్నీ పాటిస్తే, నా పక్క నుంచి దూరేవాడికి ఏ నిబంధనా లేదా? దూరే హక్కు గురించి ఇంత మాట్లాడారు. ఆగే హక్కు గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

మెట్టుగడ్డ మెకానిక్:
చెల్లెమ్మ చెప్పినదానికి ఎవరైనా జవాబు చెప్పండి, నా దగ్గర లేదు. నాకు తెలిసింది స్పానర్ పట్టుకుంటే కనిపించేది.

మా షెడ్డుకు వచ్చే బండ్లలో వెనుక బ్రేకు లైనర్ అరిగిపోయి ఉంటుంది, ముందు డిస్క్ ప్యాడ్ కొత్త పెళ్లికూతురిలా ఉంటుంది. ముందు బ్రేకు పడితే బండి పల్టీ కొడుతుందని ఎవరో చిన్నప్పుడు చెప్పి ఉంటారు, అంతే, ఆ లీవర్ జోలికే పోరు. బ్రేకు వేయగానే బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది కాబట్టి బండిని ఆపేది ఎక్కువగా ఆ చక్రమే. వెనుక బ్రేకు ఒక్కటే తొక్కితే సార్ చెప్పిన ఆ 10 మీటర్లు 20 అవుతాయి. 2019 ఏప్రిల్ నుంచి అమ్మే 125 సీసీ దాకా బండ్లలో ఒకటి పడితే రెండూ పట్టే ఏర్పాటు గానీ ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోయి జారకుండా చూసే ఏర్పాటు) గానీ ఉండాలని నిబంధన వచ్చింది, అంతకు పైబడితే ఏబీఎస్సే. జడ్చర్లలో 44వ నంబరు రహదారి ఎక్కి రోజూ పోయివచ్చే పిల్లలు మాత్రం ఇంకా పాత బండ్ల మీదే ఉన్నారు. రెండు వేళ్లు ఎప్పుడూ ముందు బ్రేకు లీవర్ మీద ఉంచి, నెమ్మదిగా పిండడం నేర్చుకోండి. ఇసుక మీద, తడి మ్యాన్‌హోల్ మూత మీద, తెల్ల గీతల మీద మాత్రం పిండకండి. జారుతుంది.

ఇంకొకటి అడుగుతాను, ఏమనుకోకండి. సందులో పట్టడానికని అద్దాలు విప్పించుకొని పోయేవాళ్లు నాకు చాలామంది తగిలారు. వాసి గారూ, మీ బండికి ఎడమ అద్దం ఉందా?

మిర్యాలగూడ స్టీరింగ్:
బుల్లెట్ తమ్ముడూ, వరసలో ఆగితే వెనుక నుంచి గుద్దుతారన్నావు. నిజమే, ఆటోలను నేనూ నమ్మను. దానికి వేరే ఉపాయం ఉంది. ముందు వాహనానికి నేరుగా వెనుక ఆగకు, ఒక మూలకు ఆగు. మధ్యలో ఒక బండి పొడవు జాగా వదులు. గేరు తీసేయకు, మొదటి గేరులోనే క్లచ్ పట్టి ఉంచి, వెనుక కనీసం ఒక వాహనం వచ్చి ఆగేదాకా అద్దంలో చూస్తూ ఉండు. అది ఆగకుండా వస్తుంటే పక్కకు తప్పుకోవడానికి నీకు జాగా ఉంటుంది.

పానగల్లు బుల్లెట్:
అన్నా, ఆ పక్కకు తప్పుకునే జాగానే నేను సందు అంటున్నాను.

మిర్యాలగూడ స్టీరింగ్:
ప్రాణం మీదికి వస్తే దూరు. ఆఫీసుకు ఆలస్యమైందని దూరకు.

బావగారి పక్షం:
మే నెలలో నల్గొండ ఎండలో ఇంజన్ వేడి తొడలకు కొడుతుంటే ఇరవై నిమిషాలు వరసలో ఆగి చూపించండి. తర్వాత మాట్లాడదాం. (పేరు చూసి మోసపోకండి, పెట్టుకున్నప్పుడు ఈ చర్చ వేరేలా ఉంది.)

క్లాక్‌టవర్ వాసి, నల్గొండ:
రెండు వారాల తర్వాత వస్తున్నాను. ఒక వారం హయత్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా పూర్తిగా వరసలోనే వెళ్లాను. ఇంకో వారం పాత పద్ధతిలో. ఫోనులో సమయం రాసుకున్నాను. తేడా మహా అయితే పన్నెండు నిమిషాలు, ఒక రోజు మూడే నిమిషాలు. నేను అరగంట అనుకునేవాణ్ని.

వరసలో ఉన్న వారంలో హారన్లు భరించడం కష్టమైంది. చౌటుప్పల్ అక్కా, మీరు రోజూ ఎలా ఆగుతున్నారో అర్థం కాలేదు. మీలాంటి వాళ్ల వెనుక హారన్ కొట్టినవాళ్లలో నేనూ ఉండి ఉంటాను, క్షమించండి.

బస్సు, లారీ పక్క ఎడమ సందు వదిలేశాను, ఇక దాని మాటే లేదు. కార్లు పూర్తిగా ఆగి ఉంటే మాత్రం ఇంకా మధ్య నుంచే వెళ్తున్నాను, ముల్లు 20 దాటకుండా. అవి కదలడం మొదలుపెట్టగానే ఎక్కడ ఉంటే అక్కడ వరసలో కలుస్తాను. బావ దీన్ని తన గెలుపు అంటున్నాడు. నేను ఒప్పుకోలేదు, అక్క ఈసారి భోజనం పెట్టాకే మాట్లాడమంది.

మెకానిక్ అన్నా, ఎడమ అద్దం లేదు. దసరాకు ముందు ఒక కారు అద్దానికి తగిలి విరిగింది, ఇంక పెట్టించలేదు. మీరు అడిగిన రోజు సాయంత్రమే వేయించాను. మొదటిసారి అందులోకి చూస్తే నా వెనుక చక్రానికి జానెడు దూరంలో ఒక పిల్లవాడు, ఒంటి చేత్తో బండి నడుపుతూ, ఇంకో చేత్తో ఫోను చూసుకుంటున్నాడు.