అప్‌డేట్: బాత్‌రూమ్ ఎస్టిమేట్ చివరికి ఎంతకు తేలింది

పాత బాత్‌రూమ్‌కు టైల్స్, పైపులు మార్చడానికి మేస్త్రీ గారు ఒకే పద్దుగా రాసిచ్చిన 1,60,000 రూపాయల ఎస్టిమేట్‌ను ఒప్పుకోవచ్చా అని గత నెలలో అడిగాను. మీరు సూచించినట్లు మెటీరియల్, కూలీ విడివిడిగా రాయించగా, పాత టైల్స్ పగలగొట్టడం, ఆ రబ్బిష్‌ను ట్రాక్టర్‌లో తరలించడం, వాటర్‌ప్రూఫింగ్ అందులో అసలు లేవని తెలిసింది.

టైల్స్ లెక్క ఇంకా విచిత్రంగా ఉంది. అయిదడుగుల వెడల్పు, ఏడడుగుల పొడవున్న గదికి ఎనిమిదడుగుల ఎత్తు వరకు గోడలు, నేల కలిపి, తలుపు తీసేస్తే 210 చదరపు అడుగులు వస్తుంది. కోతల్లో పోయేదానికి పది శాతం కలిపినా 231 చాలు. ఆయన 300 రాశారు. "మిగిలితే వాపసు ఇచ్చేద్దాం సార్" అన్నారు గానీ, విప్పిన పెట్టెను మా షాపువారు తీసుకోరు.

నేల తవ్వాక పాత జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనుప పైపు) వేలితో నొక్కితేనే పొరలుగా రాలింది. దాన్ని మార్చడానికైన 9,000 రూపాయల విషయంలో ఆయనను తప్పుపట్టను. అదనపు పని ఏదైనా రేటు రాసి ఇద్దరం సంతకం చేశాకే మొదలుపెట్టాలన్న షరతు వల్ల, కొత్త ఖర్చు అక్కడితో ఆగింది. టైల్స్ వేయకముందే 48 గంటలు నీళ్లు నిలిపి, కింది వాటా సీలింగ్‌కు చెమ్మ లేదని చూశాకే వాటర్‌ప్రూఫింగ్ డబ్బు ఇచ్చాను. మొదటి ఎస్టిమేట్‌లో లేని పనులు కూడా కలిపి మొత్తం 1,82,000 రూపాయలు అయింది.